మెటార్: ముడి కోడా, విప్పిన వాక్యాలా? ఏళ్ల తరబడి రెండూ వాడాక

విమానాశ్రయాల ప్రస్తుత వాతావరణ నివేదికలైన మెటార్‌లను ముడి కోడ్‌లోనూ, యాప్‌లు విప్పి చూపే మామూలు వాక్యాల్లోనూ ఏళ్లుగా చదువుతున్నాను. ఈ రోజుల్లో కూడా ఈ గూఢలిపి ఎందుకు, మనుషులు మాట్లాడుకునే భాషలో రాస్తే ఏం పోయిందని పైలట్లే విసుక్కోవడం ప్రతి తరంలోనూ వింటున్నదే. ఆ విసుగులో న్యాయం ఉంది. అయితే మందు ఒకచోట, నొప్పి మరోచోట అన్నట్టుంది వ్యవహారం.

ఈ కోడ్ టెలిప్రింటర్ల కాలం నాటిది. అక్షరాలు నెమ్మదిగా, ఒక్కొక్కటే ప్రయాణించే తీగల మీద పదం కుదించడం అవసరమే. మెటార్ 1968లో అంతర్జాతీయంగా వాడుకలోకి వచ్చింది. అమెరికా తన పాత పద్ధతి వదిలి దీనికి మారింది 1996లో. తీగల ఇబ్బంది ఎప్పుడో తీరిపోయింది కాబట్టి కుదింపుకు కారణం లేదన్నది సరళీకరణ కోరేవారి మొదటి వాదన. వినడానికి బాగానే ఉంటుంది.

ఒక వరుస చూడండి: 27018జీ30కేటీ 4000 −టీఎస్ఆర్ఏ బీకేఎన్012 ఎస్‌సీటీ025సీబీ 24/22 క్యూ1006. పడమటి గాలి 18 నాట్లు, ఉండుండి 30 దాకా ఎగసిపడుతోంది. 4 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. ఉరుములు, తేలికపాటి వాన. 1,200 అడుగుల దగ్గర ఆకాశాన్ని చాలావరకు కప్పిన మబ్బు, 2,500 అడుగుల దగ్గర ఉరుము మేఘం. ఉష్ణోగ్రత 24, తుషార బిందువు 22 డిగ్రీలు, పీడనం 1006 హెక్టాపాస్కల్స్. యాప్ దీన్నే తొమ్మిది వరుసలుగా పరుస్తుంది. ఒక్క విమానాశ్రయానికైతే అభ్యంతరం లేదు. గమ్యం, రెండు ప్రత్యామ్నాయాలు, దారిలోవి మరో నాలుగు ఒకేసారి చూడాలంటే మాత్రం వేలితో తెర జరుపుకుంటూ పోవడంతోనే సరిపోతుంది. చివరిది చదివేసరికి మొదటిది గుర్తుండదు.

ముడి కోడ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ వరుసక్రమం. గాలి, దృశ్యమానత, వాతావరణం, మబ్బు, ఉష్ణోగ్రత, పీడనం ఎప్పుడూ అదే క్రమంలో వస్తాయి. అలవాటైన కన్ను అక్షరాలు కూడబలుక్కోదు, నేరుగా కావలసిన చోట వాలుతుంది. ఒకే విమానాశ్రయం నివేదికలు నాలుగైదు ఒకదాని కింద ఒకటి పెట్టుకుంటే ఉష్ణోగ్రత, తుషార బిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) జంట 26/20, 25/21, 23/22 అని దగ్గరవుతూ కనిపిస్తుంది. గాలి సద్దుమణిగిన నిర్మలమైన రాత్రి ఈ జంట కలుస్తోందంటే పొగమంచుకు సిద్ధపడాలి. విప్పిన రూపంలో ఈ రెండు అంకెలు వేర్వేరు వరుసల్లో, ఒక్కోసారి వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. పొగమంచు పడ్డాక అది తప్పకుండా చెబుతుంది, పడబోతున్న సంగతి మాత్రం కంటికి ఆననివ్వదు.

ఒక్కో విమానాశ్రయాన్ని ఒక్కో రంగు చుక్కగా చూపే పటాల మీద నాకు ఇంకా పెద్ద గుర్రు. అమెరికా పద్ధతిలో మబ్బు 500 అడుగుల కన్నా దిగువన ఉంటే ఊదా చుక్క. 400 అడుగులకీ 100 అడుగులకీ అదే ఊదా. ఒకటి పరికరాల సాయంతో దిగే చాలా సందర్భాలకు సరిపోయే ఎత్తు, రెండోది మామూలు రన్‌వేకు చాలనిది. ఇక ఆకుపచ్చ చుక్క చూసి మురిసిపోయేవారికి ఒక మాట: ఆ రంగు మబ్బు, దృశ్యమానత బాగున్నాయనే చెబుతుంది, గాలితో దానికి సంబంధం లేదు. రన్‌వేకు అడ్డంగా 40 నాట్ల గాలి వీస్తున్నా చుక్క పచ్చగానే మెరుస్తుంది.

యాప్‌లు ఏ మేలూ చేయవని కాదు. నివేదిక ఎంత పాతదో నిమిషాల్లో చూపడం నిజంగా గొప్ప సౌకర్యం. ముడి కోడ్‌లో గంట నాటిది కూడా తాజాదానిలాగే ఉంటుంది. అడ్డగాలి లెక్కా అంతే, చేసేవారు సరిగా చేస్తే. మెటార్‌లో గాలి దిశ నిజ ఉత్తరం నుంచి, రన్‌వే సంఖ్య అయస్కాంత ఉత్తరం నుంచి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో దాన్ని కలపకుండా లెక్క చూపే యాప్‌ను నేను స్వయంగా వాడి తీసేశాను. అందులోనే మరో జబ్బు ఉండేది: అర్థంకాని భాగాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేసేది. వదిలేశానని ఒక్క మాట చెప్పినా క్షమించేవాణ్ణి.

అసలు కష్టం విమానాశ్రయానికి రాబోయే గంటల వాతావరణ అంచనా అయిన టాఫ్‌లో ఉంది, సరళీకరణ కోరేవారు అక్కడికి రానే రారు. కోడ్ అక్షరాలు నేర్చుకోవడం కొద్ది వారాల పని. కొన్ని సంక్షేపాలు ఫ్రెంచి నుంచి వచ్చినవి కాబట్టి ఊహకు అందవు, బట్టీ పట్టాల్సిందే, అంతే. టెంపో అన్న గుర్తును "తాత్కాలికంగా" అని విప్పితే ఏం తెలిసింది? ఆ మార్పు ఒక్కోసారి గంట లోపే ఉంటుందని, అన్నీ కలిపినా చెప్పిన వ్యవధిలో సగానికి చేరదని నిర్వచనం. నాలుగు గంటల టెంపోలో నేను దిగే పావుగంట ఏ సగంలో పడుతుందో ఏ వాక్యమూ చెప్పదు. ఎంత ఇంధనం అదనంగా వేసుకోవాలన్నది తేల్చేది మాత్రం అదే. బెకమింగ్ కూడా అలాంటిదే: మార్పు ఆ గంటల మధ్య ఎప్పుడో జరుగుతుంది. చెడుకు మారేదైతే మొదటి గంట నుంచే వచ్చిందనుకోవాలి, మంచికి మారేదైతే చివరి గంట దాకా నమ్మకూడదు. విప్పిన వాక్యం ఈ రెంటినీ ఒకే గొంతుతో "క్రమంగా మారుతుంది" అంటుంది. ప్రాబ్30, ప్రాబ్40 అన్నవి ఆ వాతావరణం వచ్చే అవకాశాన్ని చెప్పే శాతాలే. ఆ శాతానికి ఎంత విలువ ఇవ్వాలన్నది సంస్థల నియమాలను బట్టి మారుతుంది. చక్కటి వాక్యంగా చదివితే అర్థమైపోయినట్టే అనిపిస్తుంది, నా భయం దానిమీదే. కోడ్ కనీసం ఆగి ఆలోచించమంటుంది.

కోడ్‌లో మార్చాల్సినవి లేకపోలేదు. మబ్బూ దృశ్యమానతా బాగున్నాయని చెప్పే క్యావోకే అన్న ఒక్క మాట చాటున చాలా దాగుతుంది. అది 5,000 అడుగుల లోపు మబ్బు లేదంటుంది, ఎత్తైన కొండలున్న చోట ఆ హద్దు పెరుగుతుంది. ఆ హద్దుకు పైన మబ్బు ఎంత ఉందో ఎన్నడూ చెప్పదు. ఒక దేశంలో దృశ్యమానత మీటర్లలో, మరో దేశంలో మైళ్లలో. పీడనం ఒకచోట హెక్టాపాస్కల్స్, ఇంకోచోట అంగుళాలు. సరిహద్దు దాటే పైలట్‌కు సరళీకరణ అంటే ముందు ఇది కావాలి.

యంత్రాల కోసం ఐడబ్ల్యూఎక్స్ఎక్స్ఎం అనే రూపం 2020 నవంబరు నుంచి దేశాల మధ్య తప్పనిసరి అయింది. ఇది మనుషులు చదవడానికి కాదు, కంప్యూటర్లు తప్పులేకుండా విప్పడానికి. దీనివల్ల యాప్‌లు ఊహించి చదివే అవసరం తగ్గుతుంది. ఇప్పుడు నేను వాడుతున్న యాప్‌లో ముడి వరుస పైన ఉంటుంది, ఏ ముక్క మీద వేలు పెడితే దాని అర్థం కింద తెరుచుకుంటుంది. శిక్షణలో ఉన్నవాళ్లకు ఇదే చూపిస్తాను. టాఫ్‌ను కాలపట్టీగా గీసి, టెంపో గంటలను అడ్డగీతలతో వేరుగా చూపే సౌకర్యం దీనిలో ఇంకా లేదు. అది వస్తే డబ్బు చెల్లించడానికైనా సిద్ధమే.