మూసీ గడ్డా, వరిగడ్డా, సైలేజా? కరువు ఏడాది గేదెలకు ఏది మేలు

పీర్జాదిగూడ దాటి మూసీ వెంట పోతే నడి ఎండాకాలంలో కూడా పారాగడ్డి పచ్చగా ఊగుతూ ఉంటుంది. వానలు ఎగ్గొట్టినా, బోర్లు ఎండినా దానికి పట్టదు. హైదరాబాద్ మురుగు ఆగితే కదా ఆ గడ్డి ఆగేది! ఎనిమిది గేదెలున్న మా చిన్నాయన ఎన్నో కరువులు ఆ మోపుల మీదే ఈదాడు. మోపు చవక, గేదెలు ఇష్టంగా తింటాయి, ఇంకేం కావాలి అనేవాడు.

పోయిన ఎండాకాలం ఆ మోపులోంచి ఒక కిలో తూచి డాబా మీద ఆరబెట్టాం. మూడో రోజుకు గలగలలాడుతూ మిగిలింది రెండు వందల గ్రాములు, కాస్త అటూ ఇటూ. చిన్నాయన చేత్తో ఎత్తి చూసి, "ఇన్నేండ్లు గడ్డి కొంటున్న అనుకున్న బిడ్డా, నీళ్లు కొన్ననా?" అన్నాడు.

పశుగ్రాసాన్ని పోల్చాలంటే తేమ తీసేసి చూడాలి. 500 కిలోల పాడి గేదెకు రోజుకు సుమారు 12 కిలోల ఎండు పదార్థం కావాలి. ధరలు వారం వారం మారతాయి, మీ దగ్గరి రేటు పెట్టుకుని లెక్కేయండి. మాటవరసకు పారాగడ్డి కిలో 3 రూపాయలు, వరిగడ్డి 8, సైలేజ్ (గాలి చొరకుండా పాతరేసి పులియబెట్టిన మొక్కజొన్న మేత) 8 అనుకుందాం. నీళ్లు పోను కిలో ఎండు మేత పారాగడ్డిలో 15, వరిగడ్డిలో 9, సైలేజ్‌లో 25 దాకా పడుతుంది. చవక అనుకున్నది మధ్యలోకి వచ్చి కూర్చుంది.

పారాగడ్డికి ఇంకో చిక్కుంది. మూసీ నీటితో పెరిగిన గడ్డిలోనూ, అది మేసిన పశువుల పాలలోనూ సీసం, కాడ్మియం లాంటి లోహాలు పరిశోధకులకు కనబడ్డాయి. ఆ తడి నేలల్లో కార్జపు జలగ, అంటే పశువు కాలేయంలో చేరే పురుగు, భయం వేరే. నన్నడిగితే పాలిచ్చే గేదెకు అదొక్కటే మేపడం తప్పు. కానీ ఎండు మేత ఎక్కువైతే గేదె ఎక్కువ నీళ్లు తాగుతుంది, ట్యాంకర్ నీళ్లు కొనే ఇంట్లో అదీ ఖర్చే. కాబట్టి గడ్డిలోని నీళ్లన్నీ దండగ అనలేం. నోటికి పచ్చగా తగిలేలా రోజుకు కొంచెం వేస్తే చాలు.

వరిగడ్డి కడుపు నింపుతుంది, బలం ఇవ్వదు. మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు వంతులే. మన పాత జొన్న చొప్ప ఇంతకంటే మేలు, కానీ ఇప్పుడు దొరకడమే గగనం. మిర్యాలగూడ వైపు నుంచి లారీల్లో వచ్చే వరిగడ్డి కట్టలు మాత్రం కరువులోనూ దొరుకుతాయి. వాటిని యూరియాతో మాగబెడితే కథ మారుతుంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50-60 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, తొక్కి, టార్పాలిన్ కప్పి గాలి చొరకుండా మూడు వారాలు ఉంచాలి. తీశాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయాలి. మాంసకృత్తులు రెట్టింపు అవుతాయి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా కలిపిన బకెట్ దాహంతో ఉన్న గేదెకు అందిందో, డాక్టర్ వచ్చేలోపే పడిపోతుంది.

ఇక సైలేజ్. ఖరీదే, కానీ మొక్కజొన్నను కండెతో సహా పాతరేసింది కాబట్టి బలం అందులోనే ఉంటుంది, దాణా కొంత తగ్గించవచ్చు. మంచిదైతే మూట విప్పగానే పుల్లటి వాసన, ఆకుపచ్చ పసుపు కలిసిన రంగు. పిడికిట్లో పిండితే నీళ్లు కారకూడదు. మేం కొన్న మొదటి లోడులో రెండు మూటలకు చిల్లులు, లోపల తెల్లటి బూజు. అమ్మినాయన "పైపైన తీసేసి వేయండి సార్" అన్నాడు. మేం మూటలకు మూటలే పారబోశాం. దించుకునేటప్పుడే ప్రతి మూటా తిప్పి చూసుకోండి. కొత్త మేత ఒక్కరోజులో మార్చకుండా వారం పాటు కొద్దికొద్దిగా పెంచండి.

ఒక్క చినుకు పడగానే ఎండిన జొన్న మోళ్లకు పిలకలు వస్తాయి. ఉచితమే కదా అని తోలకండి. ఆ లేత పిలకల్లో ఉండే సైనైడ్ విషం, అదే నాము, ఎక్కితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

చివరికి మా పద్ధతి ఇలా కుదిరింది. ఎక్కువ పాలిచ్చే నాలుగింటికి సైలేజ్, మాగబెట్టిన వరిగడ్డి. తక్కిన వాటికి వరిగడ్డి, పైన కాస్త పారాగడ్డి. అన్నింటికీ రోజూ 50 గ్రాముల ఖనిజ లవణాల మిశ్రమం.

అయినా నా లెక్కలో ఈ మూడింటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వట్టిపోయిన వాటిని అంగడి పడిపోకముందే, అంటే సంక్రాంతి దాటగానే, తోలేయాలి. ఏప్రిల్లో అందరూ తోలుకొస్తే అడిగే నాథుడుండడు. చిన్నాయన రెండింటిని అమ్మాడు. మూడోది ముసలిది, పాలు లేక ఏడాదయింది. దాని సంగతి ఎత్తితే చాలు, కుడితి బకెట్ తీసుకుని దాని దగ్గరికే పోతాడు.