తడి మూలకు మెట్టతామరా, జింజర్ లిల్లీయా?

చాలా పెరళ్లలో ఒక మూల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. బోరు పక్కనో, అంట్లు తోమే చోటో, వాన నీళ్లు చేరే గోడ వారనో. అక్కడ గులాబీ పెడితే వేళ్లు కుళ్లుతాయి. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూసే దుంప మొక్కలే అలాంటి చోటుకు సరైనవి. వాటిలో నాకు బాగా ఇష్టమైనవి మెట్టతామర, తెల్ల జింజర్ లిల్లీ.

తడి రెండింటికీ కావాలి. తేడా అంతా ఎండ దగ్గరే. మెట్టతామరకు రోజూ ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. నీడలో ఆకులు ఏపుగా వస్తాయి, పూలు మాత్రం అంతంతే. జింజర్ లిల్లీ తూర్పు హిమాలయాల వైపు మొక్క. దానికి పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ ఉండాలి. మన మే నెల ఎండ నేరుగా పడితే మొదలు దగ్గర నీళ్లున్నా సరే, ఆకుల అంచులు మాడిపోతాయి. కాబట్టి వానాకాలంలో పచ్చగా ఉందని చూసి మొక్క కొనేయకండి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ మూలలో నీడ ఉంటుందా లేదా, అదే తేల్చాలి.

వాడిన నీళ్లు పారే చోటైతే రెండో ఆలోచనే వద్దు, మెట్టతామరే. మురుగునీటిని శుద్ధి చేసే మొక్కల మడుల్లో దీన్ని పెంచుతారు. 2018లో హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో నీటిపై తేలేలా వేసిన మొక్కల మడిలోనూ ఇది ఉంది.

కానీ వాసన అడిగితే మెట్టతామర ఓడిపోతుంది. ఎరుపు, పసుపు రంగులే దాని అందం. మనం రేకులనుకునేవి నిజానికి రూపం మారిన కేసరాలు. జింజర్ లిల్లీ సాయంత్రం విచ్చుకుంటుంది. పచ్చటి కంకిలోంచి సీతాకోకచిలుకలా తెల్లటి పువ్వు బయటికొస్తుంది, దగ్గరికెళ్లక ముందే పరిమళం తగులుతుంది. ఒక్కో పువ్వు ఒక రోజులోనే వాడినా, కంకి కొత్తవి విప్పుతూనే ఉంటుంది. ఆ వాసన కోసమైనా, నీడ ఉంటే నేను దీన్నే పెడతాను.

పూత అయిపోయిన కాడను రెండింటికీ మొదలంటా కోసేయాలి, అది మళ్లీ పూయదు. పక్కన పిలకలు వస్తాయి. జింజర్ లిల్లీ దుంపను లోతుగా పూడ్చకండి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు. గుబురు ముదిరాక తవ్వి తీసిన దుంపలను కాలువలో పడేయొద్దు. హవాయిలో, బ్రెజిల్‌లో వాగుల వెంట ఇది కలుపులా అల్లుకుపోయింది. అడిగినవాళ్లకు ఇచ్చేయండి.