డిజిటల్ కిచెన్ స్కేల్ మంచిదే, కానీ దాంట్లో ఎంఎల్ బటన్‌ని నమ్మకండి

కేకులు, బ్రెడ్ ఇంట్లో చేసుకునేవాళ్ళు, ఏటా ఆవకాయ పెట్టేవాళ్ళు అయితే ఇలాంటి స్కేల్ కళ్ళు మూసుకుని కొనేయండి. నాలుగు స్టార్లు ఇస్తున్నా. ఐదు కేజీల దాకా తూస్తుంది, గ్రాము గ్రాముకీ అంకె మారుతుంది, గిన్నె పెట్టి టేర్ నొక్కితే సున్నా అయిపోతుంది కాబట్టి మైదా, పంచదార, వెన్న అన్నీ ఒకే గిన్నెలో వేసుకుంటూ తూచుకోవచ్చు, కడగాల్సిన గిన్నెలు కూడా తగ్గుతాయి.

అసలు కప్పుల లెక్కతోనే వచ్చింది గొడవంతా. అమెరికా వంటల్లో కప్పు అంటే దాదాపు 240 ఎంఎల్, ఆస్ట్రేలియా వాళ్ళది 250, మన రైస్ కుక్కర్‌తో వచ్చేది 180. పోనీ కప్పు ఒకటే అనుకున్నా, 240 కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాముల దగ్గర ఉంటుంది, అదే డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 కూడా రావచ్చు, కేక్ గట్టిపడిందంటే చాలాసార్లు కారణం ఇదే. పంచదార అయితే అదే కప్పుకి 200, వెన్న 227.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే ఆ ఎంఎల్ బటన్ వల్ల. స్కేల్‌కి తెలిసింది బరువు ఒక్కటే, ఎంఎల్ అని చూపించేదంతా నీళ్ళ లెక్కే. మీ ఇంట్లో లీటర్ నూనె ప్యాకెట్ తిప్పి చూడండి, 910 గ్రాములు అని ఉంటుంది. ఆ నూనె మొత్తం పోసి తూస్తే ఇది 910 ఎంఎల్ అంటుంది! తేనె ఉల్టా, ఒక కప్పు తేనె 340 గ్రాములు తూగుతుంది కాబట్టి 340 ఎంఎల్ అని చూపిస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి డబ్బాలో ఇచ్చిన కాగితంలో ఒక్క ముక్క కూడా రాయలేదు, కొత్తగా వంట నేర్చుకునే పిల్లలు ఏమైపోవాలి? నూనె, తేనె కొలకప్పుతోనే కొలవండి, లేదా గ్రాముల్లో రాసిన రెసిపీ చూసుకోండి.

ఆవకాయకి మాత్రం దీని విలువ ఇంతా అంతా కాదు. పెద్దవాళ్ళ లెక్క గిద్దలు, సోలల్లో ఉంటుంది, నాలుగు గిద్దలు సోల అని చెప్తారు గానీ ఒక్కో ఇంట్లో గిన్నె ఒక్కో సైజు. పైగా కల్లుప్పు గిన్నెడు పోస్తే మధ్యలో ఖాళీలుంటాయి, మెత్తటి ఉప్పు అదే గిన్నెకి ఎక్కువ బరువు పడుతుంది, పచ్చడి ఉప్పు కషాయం అవుతుంది. ఆవపిండి కూడా అంతే, అప్పుడే కొట్టింది పొంగి ఉంటుంది, నిలవుంటే అణిగిపోతుంది. అందుకే ఈసారి అమ్మో అత్తయ్యో వాళ్ళ గిన్నెతో కొలుస్తున్నప్పుడే ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు ఒక్కొక్కటీ దీని మీద పెట్టి గ్రాములు రాసుకోండి, నెట్‌లో దొరికే ఏ చార్ట్ కన్నా ఆ కాగితం మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఈస్ట్, వంటసోడా లాంటి రెండు మూడు గ్రాముల వాటికి ఇది వద్దు, కొంచెం కొంచెంగా చల్లితే అంకె కదలదు కూడా. వాటికి 5 ఎంఎల్ టీస్పూన్ చాలు. వెడల్పు బేసిన్ పెడితే డిస్‌ప్లే కనపడదు, కింద చిన్న గిన్నె బోర్లించి దాని మీద బేసిన్ పెట్టి అప్పుడు టేర్ నొక్కండి.