చెరువు బాగుకు నిధుల కోసం ఆగాలా, చందాలు వేసుకోవాలా?

బడ్జెట్‌లో కోత పడితే మెట్ట ఊళ్లలో ముందు ఆగేది చెరువు పనే. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఊళ్లలో కట్ట ఎక్కితే చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), తూము దగ్గర నీళ్లాపడానికి కుక్కిన గోనెసంచులు కనిపిస్తాయి.

ఖర్చు: ప్రభుత్వ పనికి రైతు జేబులోంచి రూపాయి పోదు. చందాలైతే ఎకరాకు ఇంత అని వేసుకోవాలి. కౌలు రైతు ఇవ్వాలా, భూమి ఆసామి ఇవ్వాలా అన్న దగ్గరే సగం తగాదా.

శ్రమ: అటు అర్జీ, అంచనా, టెండరు. ఇటు ఒక జేసీబీ మాట్లాడుకుంటే చాలు. (చిల్లచెట్లను వేళ్లతో సహా పీకించండి, నరికితే మళ్లీ చిగురేస్తాయి.)

రిస్కు: నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. నిధుల కోసం చూస్తూ కూర్చుంటే తుపానుకు గండి పడొచ్చు. అలాగని తూమునూ, చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే కలుజునూ మనమే కదిలిస్తే ఇంకా ప్రమాదం, ఇంజనీరు చూడాల్సిందే.

కంప, పూడిక, పంట కాలువ వరకైతే చందాలే నయం. సాగునీటిని రైతులే చూసుకోవడానికి తెచ్చిన 1997 చట్టం కింద వచ్చిన నీటి సంఘం ఉంటే దాని ద్వారా, ఇరిగేషన్ వాళ్లకు చెప్పి చేయించండి. కట్ట కుంగినా, తూము పగిలినా నిధులు రావాల్సిందే. ఆ అర్జీ మాత్రం ఎండాకాలంలోనే పెట్టండి.