ఒక్క రోజు తప్పితే సున్నాకు పడిపోని లెక్క: లూప్ హ్యాబిట్ ట్రాకర్ సమీక్ష

అలవాట్లను నమోదు చేసుకునే యాప్‌లలో చాలా వాటికి వరుసగా ఎన్ని రోజులు తప్పకుండా చేశామన్నదే ప్రధానమైన లెక్క. ఆ వరుస పెరుగుతున్నంత కాలం ఉత్సాహంగానే ఉంటుంది. జ్వరం వల్లనో ప్రయాణం వల్లనో ఒక్క రోజు తప్పితే మాత్రం నెలల తరబడి పడ్డ శ్రమ తెర మీద సున్నాగా కనిపిస్తుంది, ఆ సున్నాను చూడలేక యాప్‌నూ దానితో పాటు ఆ పనినీ వదిలేయాలనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగా, ప్రకటనలు లేకుండా దొరికే లూప్ హ్యాబిట్ ట్రాకర్ ఈ సమస్యను ఓదార్పు మాటలతో కప్పిపుచ్చకుండా, లెక్క కట్టే పద్ధతినే మార్చి పరిష్కరించింది. నాకు అది నచ్చడానికి ముఖ్య కారణం ఇదే.

ఇందులో ప్రతి అలవాటుకూ 0 నుంచి 100 శాతం వరకు ఒక స్కోరు ఉంటుంది, పేరు పక్కనున్న చిన్న వలయం ఎంత నిండిందో చూస్తే ఆ స్కోరు తెలిసిపోతుంది. చేసిన ప్రతిసారీ అది కొంత పెరుగుతుంది, తప్పిన ప్రతిసారీ కొంత తగ్గుతుంది. ఇటీవలి రోజులకు ఎక్కువ విలువనూ పాత రోజులకు క్రమంగా తగ్గే విలువనూ ఇచ్చే ఈ లెక్కలో, అంతకు ముందు చేసిందంతా చెరిపేసే శక్తి ఏ ఒక్క రోజుకూ ఉండదు. రోజూ చేయదలచిన పనిని నెల పాటు చేస్తే స్కోరు సుమారు 80 శాతానికి, రెండు నెలలు చేస్తే 96కు, మూడు నెలలు చేస్తే 99కి చేరుతుంది. 90 దగ్గర ఉండగా ఒక రోజు తప్పితే దాదాపు 85కు దిగుతుంది, మళ్లీ 90కి రావడానికి ఓ వారం పడుతుంది. ఉన్న స్కోరు సగానికి పడిపోవాలంటే సుమారు 13 రోజులు వరుసగా మానేయాలి. తప్పిన రోజుకు విలువ ఉంది కానీ అది మోయలేనంత కాదు. నా దృష్టిలో న్యాయమైన లెక్క ఇలాగే ఉండాలి.

పరిశోధన కూడా ఈ పద్ధతినే బలపరుస్తోంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని 12 వారాల పాటు గమనించిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి చేరడానికి పట్టే కాలం మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు మారుతుందని అంచనా వేశారు. మధ్యలో ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం జరగదని కూడా అందులో తేలింది. అలాంటప్పుడు ఒక్క రోజు లోటును సున్నాతో శిక్షించే లెక్క మన మనసులో జరుగుతున్నదాన్ని తప్పుగా చూపిస్తున్నట్టే.

రోజూ చేయనక్కరలేని అభిరుచుల విషయంలో ఈ యాప్ ఇంకా బాగా పనికొస్తుంది. వారానికి ఒకసారి, రోజు విడిచి రోజు, నెలకు నాలుగుసార్లు అంటూ మనకు వీలైన విరామాన్ని పెట్టుకోవచ్చు. బొమ్మలు గీయడానికి వారానికి ఒకసారి అని పెట్టుకుని ఒక రోజు టిక్ పెడితే, దాన్ని ఆనుకుని ఉన్న రోజుల్లో లేత రంగు టిక్కులు వాటంతటవే వచ్చేస్తాయి, ఆ వారానికి ఇక బాకీ లేదని చూడగానే తెలుస్తుంది. పైగా విరామం పెరిగే కొద్దీ స్కోరు తగ్గే వేగం కూడా నెమ్మదిస్తుంది. రోజువారీ ఒత్తిడిని తీసేయడానికి ఇంతకన్నా సూటైన ఏర్పాటు నాకు మరే యాప్‌లోనూ కనబడలేదు.

ఎన్ని పేజీలు, ఎన్ని నిమిషాలు అని అంకెల్లో నమోదు చేసుకునే సౌకర్యమూ ఉంది. నీళ్లు తాగడం, నడక వంటి వాటికి అది సరిపోతుంది కానీ, సరదా కోసం చేసే పనులకు దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డన్ ఎట్కిన్ 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, రంగులు వేయడం వంటి ఇష్టమైన పనిని కొలుస్తూ చేసినవారు ఎక్కువ మొత్తంలో చేశారు కానీ తక్కువగా ఆనందించారు. చదవడం ఇష్టమైతే చదివానా లేదా అన్నంత వరకే నమోదు చేసుకోవాలి. పేజీల లెక్క మొదలైతే చిన్న పుస్తకాల మీదికి, తేలిక పుస్తకాల మీదికి మనసు పోతుంది.

సెట్టింగ్స్‌లో రెండు ఐచ్ఛికాలను మొదటి రోజే ఆన్ చేసుకోవడం మంచిది. మొదటిది స్కిప్. అనారోగ్యం ఉన్న రోజునో ఊళ్లో లేని రోజునో స్కిప్‌గా గుర్తిస్తే స్కోరు పెరగదు, తగ్గదు. రెండవది, ఏమీ నమోదు చేయని రోజును తప్పిన రోజుగా కాక ప్రశ్నార్థకంతో చూపించేది. చాలా రోజుల తర్వాత యాప్ తెరిచినప్పుడు వరుసగా తప్పు గుర్తులు కనిపించడానికీ, ప్రశ్నార్థకాలు కనిపించడానికీ ఎంతో తేడా ఉంది. మొదటిది మనల్ని నిలదీస్తుంది, రెండవది గుర్తున్నంత వరకు పూరించుకోమంటుంది. గుర్తుచేసే నోటిఫికేషన్ మనం పెట్టుకుంటేనే వస్తుంది, అభిరుచులకు అసలు పెట్టుకోకపోవడమే మేలు.

లోపాలు లేకపోలేదు. ప్రతి అలవాటు వివరాల పేజీలోనూ అత్యుత్తమ వరుసల పట్టిక కనిపిస్తుంది. వరుసల మోజు నుంచి బయటపడాలని వచ్చినవారికి అది కంటిలో నలుసే, దాన్ని ఇంకా అక్కడ ఉంచడం నాకు నచ్చలేదు. ఐఫోన్‌కు ఈ యాప్ లేదు. ఖాతా తెరవాల్సిన పని లేకపోవడం, సమాచారమంతా మన ఫోన్‌లోనే ఉండడం గొప్ప సుగుణాలే కానీ, అందుకు బదులుగా క్లౌడ్‌లో భద్రపరిచే బాధ్యతను యాప్ తీసుకోదు. కాబట్టి నెలకోసారైనా సెట్టింగ్స్‌లోకి వెళ్లి పూర్తి బ్యాకప్ ఫైలును ఎగుమతి చేసి, ఫోన్ కాక వేరే చోట దాచుకోవాలి.