అలర్జీ ఉన్న పాపను ఫార్మ్ క్లాసులకు పంపుతున్నాం: చాలాకాలం చూశాక నా సమీక్ష

మా పాపకి వేరుశనగ అలర్జీ, దాంతోపాటు కొంచెం ఆస్తమా. అలాంటి పిల్లని వారం వారం మేకలూ కోళ్లూ గడ్డివాములూ ఉన్న చోటికి ఎలా పంపుతున్నారని అడిగేవాళ్లు చాలామంది. కొన్ని సీజన్లుగా పంపుతూనే ఉన్నాం. చేర్చేముందు నేను వెతికినప్పుడు ఎక్కడ చూసినా మేకపిల్లని ఎత్తుకున్న పిల్లల ఫొటోలే తప్ప, పొలం మధ్యలో పిల్లకి ఊపిరి ఆడకపోతే మందు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పినవాళ్లు లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో అలర్జీలకి ఒకే ఒక గడి ఉంది. పిల్లలు తెచ్చుకునే బాక్సుల విషయంలో మొదటినుంచీ గట్టిగానే ఉన్నారు, పల్లీలు ఉన్నవి ఏవీ రానివ్వరు, ఒకరిది ఒకరు తిననివ్వరు. అయితే ఫార్మ్‌లో పశువుల తిండి కూడా ఉంటుంది కదా, దాని సంగతి ఎవరూ ఆలోచించలేదు. దాణాలో వేరుశనగ చెక్క కలుపుతారు, కోళ్ల మేతలో సోయా, గోధుమ, మొక్కజొన్న లాంటివి ఉంటాయి, పక్షులకి వేసే గింజల్లో పల్లీలే ఉండొచ్చు. పిల్లలకేమో దాణా గుప్పిట్లో పట్టుకుని మేకలకి తినిపించడం అన్నిటికంటే ఇష్టం, అదే చేత్తో కళ్లు నులుముకుంటారు, ముక్కు తుడుచుకుంటారు, ఆపడం ఎవరి తరమూ కాదు.

మొదటి సీజన్‌లోనే ఒకరోజు దాణా పెట్టాక పాప చెంపల మీద, మెడ మీద దద్దుర్లు లేచాయి. అప్పుడు అక్కడున్న టీచర్ చేసిన పనికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. వెంటనే పక్కకి తీసుకొచ్చి, కుళాయి కింద సబ్బుతో మొహం, చేతులు కడిగి, చొక్కా మార్చి, డాక్టర్ రాసిచ్చిన ప్లాన్ కాగితం తెరిచి అందులో ఉన్న యాంటీహిస్టమిన్ (మామూలు అలర్జీ మందు) ఇచ్చి, ఎపినెఫ్రిన్ పెన్ను (అలర్జీ ప్రాణం మీదికొస్తే వేసే, పెన్నులా ఉండే ఇంజెక్షన్) చేతిలోనే పట్టుకుని పాప పక్కన కూర్చుంది. దగ్గు వస్తోందా, గొంతు బొంగురుపోయిందా, పెదవులు వాస్తున్నాయా, వాంతి అవుతుందా అని చూస్తూనే నాకు ఫోన్ చేసింది. అదృష్టం, దద్దుర్లతోనే ఆగిపోయింది. నేను వెళ్లాక ఇద్దరం దాణా సంచి తిప్పి లేబుల్ చదివితే వేరుశనగ చెక్క అని స్పష్టంగా ఉంది. ఆ తర్వాత పాప బ్యాచ్‌కి దాణా మానేసి పచ్చిగడ్డి, ఆకులు ఇస్తున్నారు. మేకలకి ఏ లోటూ లేదు.

చేతులు కడగడం గురించి కొంచెం ఎక్కువే మాట్లాడాల్సి వచ్చింది. గేటు దగ్గర శానిటైజర్ సీసా వేలాడదీసి, అదే సరిపోతుందనుకున్నారు. శానిటైజర్ క్రిములని చంపుతుందేమో గానీ చేతికి అంటిన వేరుశనగ ప్రొటీన్‌ని తీసెయ్యదు, దానికి సబ్బూ నీళ్లూ కావాలి, లేదంటే తడి వైప్స్. పైగా క్రిముల్లో కూడా క్రిప్టోస్పోరిడియం లాంటి వాటి మీద అది పనిచెయ్యదు. ఇది అలర్జీ లేని పిల్లలకీ వర్తించే మాటే. 2009లో ఇంగ్లండ్‌లోని సర్రేలో, పిల్లలు జంతువులని ముట్టుకునే ఒక ఫార్మ్ నుంచి ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా సోకి 93 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో ఎక్కువమంది చిన్నపిల్లలే. అయిదేళ్లలోపు పిల్లల్లో అది కిడ్నీలదాకా వెళ్లే ప్రమాదం ఎక్కువ. ఇవన్నీ చెప్పాక కొట్టం బయటే కుళాయిలు, సబ్బు పెట్టారు, కడుక్కోకుండా ఎవరినీ బాక్స్ తెరవనివ్వడం లేదు. ఈ మార్పు చాలా బాగుంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది మందు ఎక్కడుంటుందన్నది. మొదట్లో అన్ని మందులూ ఆఫీసు గదిలో బీరువాలో పెట్టేవాళ్లు. క్లాసు జరిగేది చెరువు గట్టు దగ్గర, ఆఫీసు పొలానికి అవతలి కొసన. ఏదైనా అయితే పిల్లని నడిపించుకుని ఆఫీసుకి తీసుకొస్తామన్నారు, ఆ మాట విని నాకు చెమటలు పట్టాయి. అనఫిలాక్సిస్, అంటే ప్రాణాంతకమైన తీవ్ర అలర్జీ వచ్చిన పిల్లని నడిపించకూడదు, హఠాత్తుగా లేపి నిలబెట్టకూడదు, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఉన్నచోటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఊపిరి అందక అవస్థ పడుతుంటే కూర్చోబెట్టాలి, పెన్ను తొడ బయటివైపు బట్టల మీదనుంచే వెయ్యాలి, అంబులెన్స్‌ని పిలవాలి, 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండోది వెయ్యాలి. ఆయాసం మొదలయ్యాక యాంటీహిస్టమిన్ ఇచ్చి చూద్దామని కూర్చోవడానికి టైమ్ ఉండదు. కాబట్టి మందే పిల్ల దగ్గరికి రావాలి, అదీ ఒకటి కాదు, రెండు పెన్నులు.

ఇప్పుడు టీచర్ నడుముకి కట్టుకునే ఎర్ర పౌచ్‌లో రెండు పెన్నులు, ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్), పాప ఫొటో అంటించిన ప్లాన్ కాగితం, అంబులెన్స్ ఏ గేటుకి రావాలో రాసిన చీటీ ఉంటాయి. ఎండలో ఉంటే మందు పాడవుతుంది కాబట్టి పౌచ్‌ని జీపులో వదలరు, ఫ్రిజ్‌లోనూ పెట్టరు. సీజన్ మొదట్లో సూది లేని ట్రైనర్ పెన్నుతో అందరిచేతా ప్రాక్టీసు చేయిస్తారు, తోటమాలితో సహా. పెన్ను ఎక్స్‌పైరీ, పాప బరువు చూసుకోవడం మా పని. 15 నుంచి 30 కిలోల మధ్య సాధారణంగా 0.15 మిల్లీగ్రాములది రాస్తారు, పిల్ల పెరిగేకొద్దీ డోసు గురించి డాక్టర్‌ని అడుగుతూ ఉండాలి.

నాకు కోపం తెప్పించిన విషయమూ ఒకటి ఉంది. ఎప్పుడూ వచ్చే టీచర్ సెలవులో ఉన్నరోజు వేరే ఆవిడ వచ్చింది, పౌచ్ కొక్కేనికే వేలాడుతోంది, ఆవిడకి పాపకి అలర్జీ ఉందన్న సంగతే తెలియదు. నేను దింపడానికి వెళ్లాను కాబట్టి తెలిసింది. గట్టిగానే మాట్లాడాను. ఇప్పుడు హాజరు పట్టీ, పౌచ్ కలిపి చేతులు మారాలని రూల్ పెట్టారు, ఇప్పటిదాకా తప్పలేదు.

ఆస్తమా వైపు పెద్దగా ఇబ్బంది రాలేదు. గడ్డివాము కదిపేటప్పుడు, కొట్టం ఊడ్చేటప్పుడు దుమ్ము, బూజు లేస్తాయి కాబట్టి అప్పుడు పాపని తోట పనికి పంపుతారు. తేనెటీగలు పెంచేచోటికి చిన్నపిల్లల్ని అసలు తీసుకెళ్లరు. ఎవరినైనా కుడితే ముల్లు ఎలాగైనా సరే వెంటనే లాగెయ్యాలని టీచర్లకి తెలుసు, ఆలస్యమైతే విషం ఇంకా ఎక్కుతుంది.

మట్టిలో తిరిగితే అలర్జీలు అవే పోతాయని మా చుట్టాలు అంటుంటారు. ఆ మాటకి కొంత ఆధారం లేకపోలేదు. అమెరికాలో వ్యవసాయం చేసుకుని బతికే ఆమిష్, హట్టరైట్ అనే రెండు మత సమాజాల పిల్లలని పోల్చి 2016లో వచ్చిన అధ్యయనంలో, పశువుల పక్కనే పెరిగే ఆమిష్ పిల్లల్లో ఆస్తమా చాలా తక్కువగా కనిపించింది. కానీ అది పుట్టినప్పటినుంచీ ఆ వాతావరణంలో ఉన్నవాళ్ల సంగతి. ఇప్పటికే వేరుశనగ పడని పిల్లకి వారానికోసారి వెళ్లే ఫార్మ్ మందు అవ్వదు. మేం పంపేది పాప అక్కడ సంతోషంగా ఉంటుందని, విత్తనం వేసి మొలక కోసం ఎదురుచూడటం నేర్చుకుందని.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది దాణా లేబుల్ గురించి. కొత్త సంచి వచ్చినప్పుడల్లా లేబుల్ ఫొటో తీసి తల్లిదండ్రులకి పంపమని ఎప్పటినుంచో అడుగుతున్నాను, సరే అంటారు గానీ ఇంకా నేనే వెళ్లి చదువుకోవాల్సి వస్తోంది. మీరు చేర్చే ఆలోచనలో ఉంటే క్లాసు నడుస్తున్న టైమ్‌లో వెళ్లండి, ఆఫీసులో కాకుండా పిల్లలున్న చోటే నిలబడి పెన్ను చూపించమని అడగండి.