అతుకుల బొంతకు అమెరికా పాఠాలు: మిస్సోరీ స్టార్ వీడియోలపై సమీక్ష

అతుకుల బొంత కుట్టడం నేర్చుకుందామని ఇంటర్నెట్‌లో వెదికితే ముందుగా కనిపించేవి అమెరికా వారి పాఠాలే. వాటిలో నేను ఆరు నెలలుగా అనుసరిస్తున్నవి మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ వారి యూట్యూబ్ వీడియోలు. మిస్సోరీ రాష్ట్రంలోని హామిల్టన్ అనే చిన్న ఊరిలో 2008లో ఒక కుటుంబం ప్రారంభించిన సంస్థ ఇది. పాఠాలతో పేరు తెచ్చుకున్న జెన్నీ డోన్ ఆ ఇంటి పెద్దావిడ. ఈ వీడియోలకు డబ్బు కట్టనక్కరలేదు. రెండు చదరపు ముక్కలను మంచివైపులు కలిపి పెట్టి, మూల నుంచి మూలకు గీత గీసి, దానికి రెండు పక్కలా పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కత్తిరిస్తే రెండు రంగుల చదరాలు రెండు వస్తాయని ఆమె చూపించారు. అంతవరకు త్రికోణాలను విడివిడిగా కత్తిరించి, ఏటవాలు అంచులు సాగిపోతే తల పట్టుకున్నదాన్ని నేను.

ఇబ్బంది బట్ట దగ్గర మొదలవుతుంది. ఈ డిజైన్లలో చాలావాటికి జెల్లీ రోల్ వంటి ముందే కత్తిరించిన చుట్టలు కావాలి, వాటిని విదేశాల నుంచి తెప్పించుకోవడం ఖరీదైన పని. అయితే జెల్లీ రోల్ అంటే సాధారణంగా రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు 40 మాత్రమే. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు బట్టలు పది రంగుల్లో కొని, ఒక్కొక్క దాని నుంచి నాలుగేసి పట్టీలు తీస్తే సరిపోతుంది. కాకపోతే పావు మీటరు చొప్పున అడగకూడదు. నాలుగు పట్టీలకు పది అంగుళాలు కావాలి, పావు మీటరు అంతకు పిసరంత తక్కువ. ఆ పిసరు వల్ల నాకు పది పట్టీలు తగ్గాయి. 30 సెంటీమీటర్లు అడగండి.

బట్ట అంచు నుంచి పావు అంగుళం దూరంలో వేసే కుట్టు విషయంలో జెన్నీ చెప్పినట్టే నడుచుకోవాలి. మా పాత నల్ల మిషనులో బట్టను నొక్కిపట్టే ఫుట్ అంచు ఆ కొలతకు సరిపోలేదు కనుక, సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషను పలక మీద టేపు అంటించుకున్నాను. వేరొకచోట డబ్బిచ్చి కొన్న డిజైను ఒకటి మాత్రం నన్ను ముంచింది. ప్రింటరు దాన్ని ఏ4 కాగితానికి సరిపెట్టబోయి కుదించింది. పేజీ మూలన ఉండే ఒక అంగుళం పరీక్ష గడిని స్కేలుతో కొలిచి చూసుకోవాలన్న హెచ్చరిక అందులో ఎక్కడా లేదు.

నేను చూసిన వీడియోల్లో పైపొర తయారయ్యేవరకే వివరం దండిగా ఉంటుంది. ఆ తరువాత మూడు పొరలనూ కలిపి కుట్టే పని పెద్ద లాంగ్‌ఆర్మ్ మిషనుకు వెళ్లిపోతుంది. అటువంటి మిషను మన ఇళ్లలో ఎక్కడిది? ఆ భాగాన్ని నేను మా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ నేల మీద పాత చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, దూది పొర, దానిమీద నా పైపొర వేసి, దబ్బనంతో మధ్యలో నుంచి అంచుల వైపుకు టాకాలు వేయించారు. అంచు నుంచి మొదలుపెడితే అడుగు చీర నడిమధ్యలో పోగుపడి ముడతలు తేలుతుందట. నా మొదటి బొంత అడుగున ఆ ముడత ఇప్పటికీ ఉంది.